లేదన్నచోటనే దారి చూపవలెను

వెబ్‌సైటులో కోరిన పేజీ కనబడనప్పుడు ఎదురగు ఎర్రర్ పేజీయే ఆ సంస్థ మర్యాదకును బాధ్యతకును గీటురాయి

ఉపకారవేతనమునకు దరఖాస్తు చేసికొనదలచిన విద్యార్థినియు, పింఛను పత్రముకొరకు వెదకు విశ్రాంతోపాధ్యాయుడును, పంటబీమా గడువు తేదీ తెలిసికొనగోరు రైతును, ఎవరో వాట్సాప్‌లో పంపిన లింకును నమ్మి ఫోను తెరపై వ్రేలు మోపినప్పుడు, ఎదురుచూచిన దరఖాస్తునకు మారుగా ‘404 నాట్ ఫౌండ్’ అను మాటలు తప్ప మరేమియు లేని తెల్లని పేజీ ప్రత్యక్షమగుట ఏదో ఒకనాడు వారి యనుభవమునకు వచ్చియే యుండును. ఆ క్షణమున వారి మనస్సులో పుట్టు ప్రశ్నలు మూడు: తప్పు నాదా? నేను కోరినది అసలున్నదా, లేదా? ఇప్పుడు నేనేమి చేయవలెను? ఈ మూడింటిలో ఒక్కదానికైనను ఆ తెల్లని పేజీ సమాధానము చెప్పదు.

వెబ్‌సైటు నిర్మింపజేయువారు మొదటి పేజీ సౌందర్యమును గూర్చి నెలలతరబడి చర్చింతురు, వర్ణములు మార్పింతురు, ఛాయాచిత్రములు ఏరి కూర్తురు. ఎర్రర్ పేజీ సంగతి వచ్చుసరికి, సర్వరు సాఫ్టువేరు తనంత తానిచ్చు పొడిమాటలకే దానిని వదలివేయుదురు. అంతయు సవ్యముగా సాగుచున్నప్పుడు మర్యాద చూపుట యెవరికైనను సులభమే. వచ్చినవాడు కోరినది మనయొద్ద లేనప్పుడు అతనిని ఎట్లు సంభావించితిమి అనుదానియందే సంస్థ స్వభావము బయటపడును. వస్తువు లేనప్పుడు మంచి వర్తకుడు ‘లేదండీ’ అని ముఖము త్రిప్పుకొనక, ఎప్పుడు వచ్చునో, అంతవరకు ఎచ్చట దొరకునో చెప్పి పంపును. వెబ్‌సైటు ఎర్రర్ పేజీనుండి ప్రజలు కోరదగినదియు అంతకు మించినది కాదు, తక్కువైనదియు కాదు.

మూడంకెల పుట్టుక

జెనీవా నగర సమీపముననున్న సెర్న్ పరిశోధనాలయమున పనిచేయుచు టిమ్ బెర్నర్స్-లీ 1989 మార్చిలో ప్రతిపాదించిన పద్ధతియే నేటి వరల్డ్ వైడ్ వెబ్‌కు మూలము. బ్రౌజరు అడుగవలెను, సర్వరు సమాధానమీయవలెను. ఆ సమాధానమునకు ముందు, పని నెరవేరినదో లేదో ఒక మూడంకెల సంఖ్య తెలుపవలెను. అంతకు పూర్వమే ఫైళ్లను పంపుకొను ఎఫ్‌టీపీ నియమావళియందు ఇట్టి సంఖ్యలు వాడుకలో నుండెను. వెబ్ నియమావళి ఆ సంప్రదాయమునే స్వీకరించి పెంచుకొన్నది. మొదటి అంకె 2 అయినచో కార్యము సఫలమైనదనియు, 3 అయినచో మరియొకచోటికి పోవలెననియు, 4 అయినచో అడిగినవైపు లోపమున్నదనియు, 5 అయినచో సర్వరువైపు లోపమున్నదనియు భావము. సెర్న్‌లో 404వ సంఖ్యగల గది యొకటి యుండెననియు, దాని పేరనే ఈ సంఖ్య వచ్చెననియు ప్రచారములోనున్న కథను, బెర్నర్స్-లీతో కలిసి పనిచేసిన రాబర్ట్ కైయో కట్టుకథయని త్రోసిపుచ్చినాడు.

ఈ విభజన యంత్రముల సౌకర్యమునకై ఏర్పడినది. యంత్రభాషలో 404 ‘అడిగినవైపు లోపము’ల వర్గమునకు చేరినంతమాత్రమున, వచ్చిన మనుష్యుడు తప్పు చేసినాడని అర్థము కాదు. నిన్నటివరకు ఉన్న పేజీని కార్యాలయమువారే తొలగించినను, పేరు మార్చినను, సర్వరు పంపునది ఆ 404 సంఖ్యనే. కాబట్టి ఆ సంఖ్యను యథాతథముగా పౌరుని ముందుంచి ‘మీరు తప్పు అడ్రసు ఇచ్చినారు’ అని నిందించుట అన్యాయము. ఎర్రర్ పేజీ వ్రాయువారు మొట్టమొదట విడువవలసినది ఈ నిందాస్వరమునే.

పేజీలు ఏల కనుమరుగగును?

పుస్తకము గ్రంథాలయమున చెదలుపట్టుటకు ఏండ్లు పట్టును. వెబ్ పేజీ ఒక్క ఆజ్ఞతో అదృశ్యమగును. అమెరికాలోని ప్యూ పరిశోధనా సంస్థ 2024లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, 2013లో ఉండిన పేజీలలో 38 శాతము పదేండ్లు గడచుసరికి లభ్యము కాకపోయెను. అదే అధ్యయనమున పరిశీలించిన ప్రభుత్వ వెబ్‌సైట్ల పేజీలలో 21 శాతమునందు కనీసమొక తెగిన లింకైనను కనబడినది.

కారణములు పెక్కు. వెబ్‌సైటును క్రొత్తగా దిద్దినప్పుడు ఫోల్డర్ల పేర్లు మారును. శాఖలు విలీనమగును, విడిపోవును. తెలుగునాట ఇది మరింత ఆలోచింపదగిన విషయము: తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయినవి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినవి. ఒక మండలము పాతజిల్లానుండి క్రొత్తజిల్లాకు మారినప్పుడు, ఆ మండలపు కాగితములును క్రొత్త వెబ్‌సైటునకు తరలవలసివచ్చును. కాని పాత లింకు మాత్రము ప్రజల ఫోన్లలోను, పత్రికల పుటలలోను, కార్యాలయపు గోడకాగితములపైనను అట్లే నిలిచియుండును. పరిపాలనము హద్దులు మార్చుకొన్నది. సామాన్యుని చేతిలోని చిరునామా మారలేదు.

మరియొక కారణము మన లిపికి సంబంధించినది. వెబ్ చిరునామాలో తెలుగక్షరములున్నప్పుడు, లోలోపల ఒక్కొక్క యూనికోడ్ వర్ణము మూడు బైట్లుగను, ఒక్కొక్క బైటు శాతపు గుర్తుతోకూడిన మూడు సంకేతములుగను మారును. ‘త’ యను ఒక్క అక్షరము %E0%B0%A4 అగును. ‘తెలుగు’ అను మాట మనకంటికి మూడక్షరములే యైనను, గుణింతపు గుర్తులతో కలిపి యూనికోడ్‌లో ఆరు వర్ణములు గనుక, చిరునామాలో 54 సంకేతముల పొడవు పెరుగును. ఇట్టి లింకును కాపీ చేసి సందేశమున పెట్టినప్పుడు సగము మాత్రమే నీలిరంగు పొందుటయు, మిగిలినది తెగి క్రిందబడుటయు కలదు. వాక్యము చివరి చుక్కయో, కుండలీకరణపు గుర్తో లింకునకు అంటుకొనిపోవుటయు సామాన్యమే. ఇందులో పంపినవారి అపరాధము గాని, తెరచినవారి అజ్ఞానము గాని లేదు.

చిరునామాను కాపాడుట ప్రథమ ధర్మము

మంచి ఎర్రర్ పేజీకంటె మంచిది, ఆ పేజీ అవసరమే కలుగకుండ జూచుకొనుట. చిరునామాలు ఏండ్లతరబడి మారకుండునట్లు మొదటనే యోచించి పెట్టవలెనని బెర్నర్స్-లీ స్వయముగా 1998లో ఒక వ్యాసమున బోధించినాడు. మార్పు తప్పనిసరియైనచో, పాత చిరునామాకు వచ్చినవానిని 301 అను సంఖ్యతో క్రొత్త చిరునామాకు సర్వరే మౌనముగా చేర్చగలదు. వచ్చినవానికి తాను మార్గము మారినట్లైనను తెలియదు.

ఈ పనిని శ్రద్ధతో చేసిన దృష్టాంతము బ్రిటన్‌లో కలదు. 2012 అక్టోబరులో అక్కడి ప్రభుత్వము తన పాత పౌరసేవా వెబ్‌సైట్ల స్థానమున గవ్.యూకే అను ఏకైక వెబ్‌సైటును నెలకొల్పి, తదుపరి శాఖల వెబ్‌సైట్లను ఒక్కొక్కటిగా అందులో చేర్చుకొన్నది. ఆ సందర్భమున పాత చిరునామాలను వరుసగా జాబితా కట్టి, ఏది క్రొత్త వెబ్‌సైటులో ఏ పేజీకి సరిపోవునో నిర్ణయించి, అటు మళ్లించిరి. క్రొత్త వెబ్‌సైటునకు చేరని పాత పేజీ విషయమున గూడ చేతులు దులుపుకొనక, ఆ పేజీ శాశ్వతముగా తొలగినదని 410 అను సంఖ్యతో స్పష్టముగా చెప్పి, జాతీయ పత్రభాండాగారమున భద్రపరచిన ప్రతికి లింకునిచ్చిరి. తొలగించితిమని యొప్పుకొనుటయు, తొలగినదానిని చూచుటకు వీలు కల్పించుటయు ఒకేచోట నెరవేరినవి.

మన దేశమునను ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శక సూత్రములు 2009నుండి యున్నవి; తెగిన లింకులను క్రమము తప్పక పరీక్షించి సరిచేయవలెనని అవి చెప్పుచున్నవి. సూత్రమున్నది, దానిని ప్రతిదినమును పాటించు మనుష్యుని నియమించుటయే కొరవడుచున్నది.

మంచి పేజీ యెట్లుండును?

ఎంత జాగ్రత్త వహించినను కొన్ని లింకులు తెగక మానవు. అప్పుడు కనబడవలసిన పేజీ యెట్లుండవలెనో ఒక నమూనా చూతము. ఇది విద్యార్థుల ఉపకారవేతనముల వెబ్‌సైటునకై వ్రాసినదనుకొందము.

“ఈ పేజీ దొరకలేదు.

అడ్రసు మీరే టైపు చేసి ఉంటే, అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఒకసారి చూడండి. ఎవరైనా పంపిన లింకు నొక్కి వచ్చి ఉంటే, అది మధ్యలో తెగిపోయి ఉండవచ్చు. లేదా మేమే ఈ పేజీని వేరేచోటికి మార్చి ఉండవచ్చు.

కొత్త దరఖాస్తు, పాత దరఖాస్తు స్థితి, ఈ ఏడాది గడువు తేదీలు: వీటికి లింకులు కింద ఉన్నాయి. ఇంకేదైనా కావాలంటే గడిలో రాసి వెతకండి.

అయినా దొరక్కపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి. ఆదివారం తప్ప రోజూ ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు మాట్లాడతాం.”

ఇందులో అలంకారము లేదు. అయినను ప్రతివాక్యమునకు ప్రయోజనము కలదు. మొదటి వాక్యము జరిగినది చెప్పినది, సంఖ్య చెప్పలేదు. రెండవ భాగము కారణములను ఊహించి, తప్పు మాదైనను కావచ్చునని యొప్పుకొన్నది. మూడవది, వచ్చినవారిలో అత్యధికులు దేనికొరకు వచ్చియుందురో యోచించి, ఆ లింకులనే ముందుంచినది. ‘హోమ్ పేజీకి పొండు’ అని చెప్పి, వెదకు భారమంతయు వారిమీదనే మరల మోపలేదు. చివరిది, యంత్రము చేయలేనిచోట మనుష్యుడు పలుకునని హామీ యిచ్చినది. ఎక్కువమంది యేమి కోరి వచ్చుచున్నారో సర్వరు చిట్టాలో నమోదగుచునే యుండును. వారమునకొకసారి ఆ చిట్టాను తెరచి, ఏ లేని చిరునామాను పలువురు అడిగిరో గ్రహించి, దానిని సరియైనచోటికి మళ్లించుట నిర్వాహకునికి గంటసేపటి పని.

గవ్.యూకే రూపకల్పనా నియమములు ఈ విషయమున మిక్కిలి కఠినములు. ‘404’ వంటి సాంకేతిక సంఖ్యలు పేజీలో వ్రాయరాదు. ‘ఊప్స్’ వంటి చతురోక్తులు వాడరాదు. బెదిరించునట్లు ఎర్రని అక్షరములు పెట్టరాదు. చతురోక్తిని నిషేధించుట కొందరికి అరసికత్వముగా తోచవచ్చును. కాని గడువు ముగియుటకు అరగంట ముందు దరఖాస్తుకై వచ్చి పేజీ గానక కంగారుపడుచున్న బాలికకు బొమ్మపిల్లి వేషములు వినోదము కలిగింపవు. జాకబ్ నీల్సన్ 1994లో క్రమపరచిన పది వినియోగ సూత్రములలో తొమ్మిదవదియు ఇదే తత్త్వమును చెప్పినది: దోషమును సరళభాషలో తెలుపవలెను, అది యేదో కచ్చితముగా చెప్పవలెను, సవరించుకొను ఉపాయమును సూచింపవలెను.

సరళభాష యనగా, తెలుగు ప్రజలకొరకు నడచు వెబ్‌సైటునందు తెలుగే. దరఖాస్తు తెలుగులోనుండి, ఎర్రర్ పేజీ మాత్రము ఆంగ్లమున నుండుట తరచుగా చూచుచున్నాము. మనుష్యునకు సహాయము మిక్కిలి అవసరమైన ఘడియలోనే అతనికి రాని భాషలో మాటలాడుట సబబు కాదు. అట్లే ఆ మాటలను బొమ్మగా చిత్రించి పెట్టరాదు. చూపులేనివారు వాడు స్క్రీన్ రీడరు బొమ్మలోని అక్షరములను నమ్మదగినరీతిని చదువజాలదు. బ్రౌజరు పైభాగమున కనబడు శీర్షికయందును ‘పేజీ దొరకలేదు’ అనియే యుండవలెను. స్క్రీన్ రీడరు మొదట వినిపించునది ఆ శీర్షికనే.

సర్వరే కుప్పకూలినప్పుడు

5తో మొదలగు దోషముల కథ వేరు. ఇక్కడ తప్పు నిస్సందేహముగా నిర్వాహకులదే. 500 అనగా లోపల ఏదో చెడినది. 503 అనగా రద్దీవలననో, మరమ్మతువలననో తాత్కాలికముగా సేవ ఆగినది. పరీక్షాఫలితములు వెలువడు ఉదయమున లక్షలమంది ఒక్కమారు ఒకే సర్వరును అడిగినప్పుడు ఇట్టి స్థితి యేర్పడుట సహజము. అప్పుడు వచ్చినవాడు కోరునది కాలనిర్ణయము. “ఈ సేవ ప్రస్తుతం పనిచేయడం లేదు. సోమవారం ఉదయం 9 గంటల నుంచి మళ్లీ వాడుకోవచ్చు” అని చెప్పిన పేజీ, ఊరక ‘తరువాత ప్రయత్నించండి’ అన్న పేజీకంటె ఎన్నో రెట్లు ఉపకారి. వెబ్ నియమావళియే 503తోపాటు, మరల ఎప్పుడు అడుగవలెనో తెలుపు ‘రీట్రై-ఆఫ్టర్’ అను సూచనను పంపుటకు వీలు కల్పించినది.

సొమ్ము చెల్లించుచుండగా దోషము కలిగినచో భయము రెట్టింపగును. ఖాతాలో డబ్బు కట్ అయినదా? మరల నొక్కినచో రెండుమారులు పోవునా? నింపిన నాలుగుపుటల వివరములు నిలిచినవా? ఈ సందేహములకు పేజీ నేరుగా బదులీయవలెను: వివరములు భద్రముగానున్నచో ఉన్నవనియు, లేనిచో లేవనియు, చెల్లింపు స్థితిని ఎక్కడ చూచుకొనవచ్చునో, అది తేలువరకు మరల చెల్లింపరాదనియు. నిజము కానిదానిని ధైర్యవచనముగా వ్రాయుట మౌనముకంటె హీనము.

సాంకేతికముగా మూడు జాగ్రత్తలు కలవు. డేటాబేసు చెడినప్పుడు కనబడవలసిన పేజీ ఆ డేటాబేసుమీదనే ఆధారపడరాదు. అది స్వతంత్రముగా నిలువగల సాదా ఫైలై యుండవలెను. ఎర్రర్ పేజీ ఏ లోతైన చిరునామావద్దనైనను ప్రత్యక్షము కాగలదు గనుక, అందలి లింకులును బొమ్మలును వెబ్‌సైటు మూలమునుండి మొదలగు చిరునామాలతో నుండవలెను, లేనిచో అవియు తెగును. ప్రోగ్రాములోని లోపవివరములను, ఫైళ్ల మార్గములను, డేటాబేసు పేర్లను బయటివారికి ప్రదర్శింపరాదు. అవి సామాన్యునకు నిరుపయోగములు, దుండగునకు సహాయములు. ఆ వివరములు లోపలి చిట్టాలో చేరవలెను. పౌరునకు ఒక చిన్న ఫిర్యాదు సంఖ్య యిచ్చిన చాలును.

యంత్రమునకును నిజమే చెప్పవలెను

పేజీ లేకున్నను సర్వరు ‘200, అంతయు సవ్యము’ అని పంపుచు, మనుష్యునకు మాత్రము ‘దొరకలేదు’ అని చూపు వెబ్‌సైట్లు కొన్ని కలవు. గూగుల్ వంటి వెదకుయంత్రములవారు దీనిని ‘సాఫ్ట్ 404’ అందురు. దీనివలన లేని పేజీ కూడ ఉన్నట్లే వెదకుయంత్రము భ్రమించి, మరి కొందరిని అక్కడికే పంపును. లేని చిరునామాలన్నిటిని హోమ్ పేజీకి మళ్లించుటయు అట్టిదే. వచ్చినవానికి తాను కోరినది దొరకలేదన్న సంగతియైనను తెలియక, అదే లింకును మరల మరల నొక్కుచుండును. మనుష్యునకు మృదువైన మాట, యంత్రమునకు యథార్థమైన సంఖ్య, రెండును కలిసియుండవలెను.

యథార్థమును చెప్పు సంఖ్యలలో 451ని ప్రత్యేకముగా పేర్కొనదగును. చట్టపరమైన ఆజ్ఞవలన పేజీని చూపుటకు వీలులేదని తెలుపు ఈ సంఖ్య 2016లో నియమావళికెక్కినది. పుస్తకములను దహించు రాజ్యమును చిత్రించిన రే బ్రాడ్‌బరీ నవల ‘ఫారెన్‌హీట్ 451’ను స్మరించి ఆ సంఖ్యను ఎన్నుకొనిరి. లేదనుట వేరు, చూపనీయలేదనుట వేరు. ఆ భేదమును తెలిసికొను హక్కు పాఠకునకు కలదు.

లేమి సైతము సేవగా మారగలదనుటకు తెలుగు వికీపీడియాయే సాక్ష్యము. 2003లో ప్రారంభమైన ఆ విజ్ఞానసర్వస్వమున లేని వ్యాసమును తెరచినచో, సర్వరు 404నే పంపును; కాని మనుష్యునకు మాత్రము, ఈ విషయమును ఇతర పేజీలలో వెదకుమనియు, తెలిసినచో నీవే వ్రాయుమనియు ఆహ్వానము కనబడును. అట్టి ఆహ్వానమే క్రొత్త వ్యాసమునకు ఆరంభము కాగలదు.

నిర్వాహకులు సరిచూచుకొనవలసినవి

• ఏమి జరిగినదో మొదటి వాక్యమునందే, వచ్చినవారి భాషలో చెప్పవలెను.
• నింద, పరిహాసము, సాంకేతిక పదజాలము కూడదు.
• వెదకుగడియు, ఎక్కువమంది కోరు మూడునాలుగు లింకులును ఉండవలెను.
• ఫోను నంబరు, అది పలుకు వేళలు వ్రాయవలెను. ఆ నంబరు నిజముగా పలుకవలెను.
• సేవ ఆగినచో ఎప్పుడు తిరిగి మొదలగునో తెలుపవలెను.
• సర్వరు పంపు సంఖ్య యథార్థమై యుండవలెను.
• తెగిన లింకుల చిట్టాను వారమునకొకసారి చూచి సరిచేయవలెను.

ఇందులో దేనికిని పెద్ద వ్యయము లేదు, క్రొత్త యంత్రములు అక్కరలేదు. కావలసినది, తలుపు తెరచుకొననివారిని గూర్చి ఒక పూట కూర్చుండి యోచించు సహృదయత మాత్రమే. పాఠశాల, ఆస్పత్రి, పంచాయతీ, పత్రిక, దుకాణము, ఏ వెబ్‌సైటును నడుపువారైనను ఈ వారమే ఒక పని చేయుడని ప్రార్థన. మీ వెబ్‌సైటు చిరునామా చివర అర్థములేని నాలుగక్షరములు చేర్చి తెరచి, అక్కడ వచ్చిన పేజీని కంప్యూటరు పరిచయములేని మీ ఇంటి పెద్దలకు చూపుడు. తరువాత ఏమి చేయవలెనో వారు ఆ పేజీని చదివి చెప్పగలిగినచో మీ పేజీ మంచిది. చెప్పలేనిచో, ఆలస్యము చేయక దానిని తిరిగి వ్రాయింపుడు.